క్యాఫ్రేదో ముప్పై ఒకటో కనుమ

మా లోయలో మగవాళ్ళు రెండు రకాలు. కనుమలు దాటినవాళ్ళు ఒక రకం, దాటామని చెప్పుకునేవాళ్ళు ఇంకో రకం. రెండో రకం వాళ్ళు ఏ వేళప్పుడైనా బార్లోనే దొరుకుతారు. మొదటి రకం వాళ్ళూ అక్కడే దొరుకుతారు, కాకపోతే కుంటుకుంటూ వస్తారు. క్యాఫ్రేదో మావ కుంటుకుంటూ వచ్చేవాడు. ఆయన సంగతి చెప్పడానికి నాకంటే అర్హుడు ఈ లోయలో లేడు. సర్వేయింగు చదువు రెండో ఏడాదిలోనే నన్ను పోగొట్టుకుని చాలా నష్టపోయింది. ఆ నష్టం మా కనుమల సంఘానికి కలిసొచ్చింది. నేను దాని కార్యదర్శిని. సంఘంలో తప్పుల్లేకుండా రాయగలిగింది నేనొక్కణ్ణే. తప్పులు పట్టగలిగినవాడు ఇంకొకడు లేడు కాబట్టి ఆ మాట అక్షరాలా నిజం.

క్యాఫ్రేదో మావ ఉప్పు నెత్తళ్ళు అమ్మేవాడు. మాకూ సముద్రానికీ మధ్య ఎన్ని కొండలున్నాయో లెక్కపెట్టినవాడు లేడు, అయినా మా తాతల కాలం నుంచీ మా లోయ వృత్తి చేపలమ్మడమే. ఎందుకని అడక్కండి. ఇక్కడ పండేది రాళ్ళు. రాళ్ళు కొనేవాడు లేక చేపలు పట్టుకున్నాం. మావ తన డెబ్బై ఏళ్ళలో సముద్రం రెండుసార్లు చూశాడు, రెండుసార్లూ "ఉప్పు సరిపోలేదు" అన్నాడు.

ఆయన సైకిల్ ఆకుపచ్చ ఇనుప సైకిల్. బరువు పదహారు కిలోలు, వెనక చేపల రేకుపెట్టె ఎక్కిస్తే దూడంత. ఆ వాసనకి పిల్లులు కనుమల దాకా వెంటపడేవి. ఒక తెల్లపిల్లి ఏకంగా స్విట్జర్లాండు వెళ్ళి అక్కడే కాపురం పెట్టిందని చెప్పుకుంటారు. మీరు నమ్మక్కర్లేదు, దాని మనవల్ని నేను చూశాను.

ఈ కనుమల సంఘం పిచ్చి మా తాతలది. సైకిల్ వేసుకుని కొండ దాటాలి. తొక్కుతావో, తోస్తావో, భుజాన మోస్తావో నీ ఖర్మ, కానీ ఇంకో చెయ్యి ఆ సైకిల్ మీద పడకూడదు. పైదాకా వెళ్ళి తిరిగొస్తే దాటినట్టు కాదు. మేకలు కూడా పైదాకా వెళతాయి. అవతలివైపు దిగి, మొదటి ఊరి తొట్టిలో నీళ్ళు తాగితేనే కనుమ నీది. చూసేవాడెవడూ ఉండడు. నీ నోటుబుక్కులో నువ్వు రాసుకున్నదే సాక్ష్యం. అలాంటివి వంద పూర్తి చేసినవాడికి ఆగస్టు పదో తారీఖు ఊరి పండగలో, మందకి ముందు నడిచే ఆవు మెడలో కట్టే కంచు గంట ఇస్తారు. ఎనభై ఏళ్ళలో నలుగురికి దక్కింది. వాళ్ళలో ముగ్గురి గంటలు వాళ్ళ సమాధుల మీద వేలాడుతున్నాయి. నాలుగోవాడి గంట వాళ్ళావిడ అమ్మేసింది.

ఈ ఏడాది జూలై నాటికి క్యాఫ్రేదో నోటుబుక్కులో వంద నిండాయి. నిండకపోతే ఇక నిండేవి కావు. సెప్టెంబరులో ఆయన కుడి మోకాలు తీసేసి లోహపుది పెడతామని ఆసుపత్రిలో తారీఖు ఇచ్చేశారు. ఆ తర్వాత చదును నేల మీద కర్రపట్టుకుని నడవడమే కనుమ అట. పెళ్ళి చేసుకోలేదు, పొలం కొనలేదు, పార్టీలో చేరలేదు. ఆ నోటుబుక్కు ఒక్కటే ఆయన సంపాదన.

ఆ నోటుబుక్కులో ముప్పై ఒకటో పేజీ అబద్ధం.

ఆ సంగతి లోయలో అందరికీ తెలుసు. పోస్టుమాస్టరుకి తెలుసు, ఫాదరుకి తెలుసు, ఫాదరుగారి కుక్కకి తెలుసు. క్యాఫ్రేదోకి మాత్రం తెలియదని మేమందరం ముప్పై నాలుగేళ్ళుగా మురిసిపోతున్నాం.

జరిగింది ఇది. నేను అక్కడ లేను కానీ ఉన్నవాళ్ళ కంటే నాకే బాగా తెలుసు. అప్పటికి ఆయనకి ముప్పై ఆరేళ్ళు, ముప్పై కనుమలు, అన్నీ ఇటలీలోవే. ముప్పై ఒకటోది దేశం దాటాలనుకున్నాడు. మా లోయ కొసన గాజ్జా కనుమ ఉంది. దానికవతల ఫ్రాన్సు, దిగగానే మాల్వాల్ అనే ఊరు. ఇటువైపు నుంచి పైకి రెండు దారులు. ఒకటి మా ఊరి నుంచి అడవిలోపడి వెళుతుంది, ఇంకోటి మా లోయలో ఆఖరి పల్లె సెర్రే మీదుగా. క్యాఫ్రేదో అడవి దారిన ఎక్కాడు. సెర్రేలో ఆయన ఎప్పుడూ కాలు పెట్టలేదు, అక్కడ ఆయన చుట్టాలు ఎక్కువ. చుట్టాలున్న ఊళ్ళో చేపలమ్మితే చేపలు పోతాయి, చుట్టరికమూ పోతుంది.

పైన మంచు కమ్మింది. చెయ్యి చాపితే వేళ్ళు కనపడని మంచు. మనవాడు సైకిల్‌ని రాళ్ళగుట్టకి ఆనించి, గాలికి చాటుగా కూర్చుని రొట్టె తీశాడు. గాలి తిరిగింది. ఆయనా గుట్ట చుట్టూ తిరిగాడు. గాలి మళ్ళీ తిరిగింది. ఆయనా మళ్ళీ జరిగాడు. ఆ గాలి అలా ఎన్నిసార్లు తిప్పిందో గానీ, రొట్టె అయిపోయాక సైకిల్ భుజానేసుకుని "ముందుకి" దిగాడు. ఆ ముందు వెనకయింది. రెండు గంటల తర్వాత మంచులోంచి తేలింది సెర్రేలో.

మీరైతే పోల్చుకునేవారు అంటారా? కనుమకి అటూ ఇటూ మాట్లాడేది ఒకటే యాస, కట్టేది ఒకటే రాతి ఇళ్ళు, తిట్టుకునేవీ అవే తిట్లు. సరిహద్దు గీసినవాళ్ళు మమ్మల్ని అడిగి గీశారా ఏమన్నా?

తొట్టి దగ్గర పాలక్యాన్లు కడుగుతోంది స్పిరీతా. అప్పటికామెకి నలభై రెండు. సరదా కావాలంటే సొంత మొగుణ్ణి కూడా వదలని మనిషి.

"అమ్మా, ఈ నీళ్ళు తాగొచ్చా?" అన్నాడు క్యాఫ్రేదో.

"తాగడానికే కదయ్యా తొట్టి పెట్టింది."

మూడు దోసిళ్ళు తాగాడు. మూతి తుడుచుకున్నాడు. ఛాతీ విరిచాడు. "నేను ఇటలీ నించి కొండ దాటి వస్తున్నానమ్మా. మీ దేశంలో ఈ ఊరినేమంటారు?"

స్పిరీతా చేతిలో క్యాను ఆగింది. ఒక్క క్షణమే. "మాల్వాల్ అంటారు నాయనా. ఫ్రాన్సు," అంది, రెప్ప కూడా వెయ్యకుండా. "పాపం, దేశం కాని దేశం వచ్చావ్. కూర్చో, చీజ్ ముక్క తిందువుగాని."

తిన్నాడు. కళ్ళు మూసుకుని తిన్నాడు. "మా ఇటలీ వాళ్ళకి ఏడు జన్మలెత్తినా రాదమ్మా ఈ పనితనం," అన్నాడు. ఆ చీజ్ ఆయన సొంత మేనత్త ఆవు పాలతో చేసింది.

ఈలోగా సెర్రే మొత్తానికి వార్త పాకింది. స్పిరీతా మొగుడు జాకో పరిగెత్తుకొచ్చి, "ఈ మంచులో మళ్ళీ కనుమెక్కితే చస్తావు తమ్ముడూ, నా పాలబండి ఇటలీ వెళుతోంది, ఎక్కు," అన్నాడు. వెనకెక్కించి టార్పాలిన్ కట్టేశాడు. సెర్రే నుంచి మా ఊరు తొమ్మిది కిలోమీటర్లు. జాకో మూడున్నర గంటలు నడిపాడు, ఒకే వంతెన మీంచి పదకొండుసార్లు. మధ్యలో అతని బావమరిది, అడవిశాఖ టోపీ పెట్టుకుని, బండి ఆపి టార్పాలిన్ ఎత్తాడు. "సరిహద్దు తనిఖీ! పన్ను కట్టాల్సిన సరుకేమైనా ఉందా?"

"అర్ధముక్క చీజ్ ఉందండీ," అన్నాడట క్యాఫ్రేదో, నిలబడి మరీ.

అధికారిగారు దాన్ని జప్తు చేసి అక్కడే తినేశారు.

మరుసటేడు సెర్రేలో ఎవరో పోతే క్యాఫ్రేదో శవయాత్రకి వెళ్ళాల్సొచ్చింది. ఊరేగింపు తొట్టి దగ్గర ఆగింది. పోయినవాణ్ణి వదిలేసి అందరూ క్యాఫ్రేదో మొహం చూశారు. ఆయన వంగి ఒక గుక్క తాగి, "పర్లేదు గానీ, ఫ్రాన్సు నీళ్ళలా లేవు," అన్నాడు. శవపేటిక మోస్తున్నవాళ్ళు నవ్వాపుకోలేక దాన్ని కింద పెట్టారు. దుఃఖం తట్టుకోలేకపోయారని పోయినాయన భార్య అనుకుంది.

ఆ కథ మీద మా లోయ ముప్పై నాలుగు చలికాలాలు గడిపింది. మంచు పడి రోడ్డు మూసుకుపోతే టీవీ లేనివాడు బతికాడేమో గానీ, ఈ కథ లేనివాడు బతకలేదు.

ఇంతలో మా సంఘానికో అధ్యక్షుడు దాపురించాడు. క్వాల్యా గారు. మైదానంలో సర్వేయరుగా చేసి రిటైరై, గాలి మార్పుకని వచ్చి, మా గాలే మార్చేశాడు. నేను మధ్యలో వదిలేసిన చదువుని ఆఖరి దాకా చదివితే మనిషి ఎలా తయారవుతాడో ఆయన్ని చూస్తే తెలుస్తుంది. గంట మీద పేరు చెక్కించే ముందు నోటుబుక్కు మొత్తం చదువుతానన్నాడు. ఎనభై ఏళ్ళలో ఎవడూ చదవలేదు. చదివాడు. ముప్పై ఒకటో పేజీలో క్యాఫ్రేదో కోడిగీతల్లో ఇలా ఉంది: "గాజ్జా. మాల్వాల్ తొట్టి. దేవదారు దుంగ తొలిచింది. నీళ్ళు పాత తుపాకీ గొట్టంలోంచి వస్తాయి. నీళ్ళు బాగున్నాయి."

ఆ ఆదివారం క్వాల్యా గారు గాలి పీల్చుకోవడానికి సెర్రే వెళ్ళారు.

ఆగస్టు నాలుగో తారీఖు, పొద్దున పదింటికి, బార్లో మేం పదిమందిమి ఉన్నాం. క్యాఫ్రేదో మోకాలు ఇంకో కుర్చీ మీద చాపుకుని కూర్చున్నాడు. మూలన స్పిరీతా, ఇప్పుడు డెబ్బై ఆరేళ్ళ మనిషి, మందులకని కిందికొచ్చి కాఫీ తాగుతోంది. క్వాల్యా గారు నోటుబుక్కు బల్ల మీద పెట్టారు.

"క్యాఫ్రేదో గారూ, ఇటలీలో తుపాకీ గొట్టంతో తొట్టి ఎక్కడైనా చూశారా?"

బార్లో పదిమందికీ ఒకేసారి దగ్గొచ్చింది.

"సర్వేయరు గారూ," అన్నాన్నేను, "తుపాకీలకేం తక్కువండీ ఇక్కడ? మా తాత ఒక్కడే యుద్ధంలోంచి ఏడు తెచ్చాడు. ఒకటి ఫిరంగి."

"నేను మిమ్మల్నడగలేదు."

అప్పుడు స్పిరీతా లేచింది. కాఫీ కప్పు పక్కన పెట్టి, చేతికర్ర టకటకలాడించుకుంటూ వచ్చి క్యాఫ్రేదో ఎదురుగా నిలబడింది.

"ఒరేయ్ క్యాఫ్రేదో. నేను చచ్చేలోపు చెప్పాలనుకున్నాను. గంట మీద చెక్కాక చెప్తే ఇంకా పాపం. ఆ రోజు నువ్వు ఫ్రాన్సు పోలేదు. మా సెర్రేకే దిగావు. ఆ తొట్టి మాది, ఆ చీజ్ మాది, ఆ పోలీసు నా తమ్ముడు."

క్యాఫ్రేదో చాపిన కాలు మెల్లగా కిందికి దించాడు.

"తెలుసక్కా," అన్నాడు.

"ఏం తెలుసు?"

"అన్నీ. శవయాత్ర రోజునే తెలిసింది. గొట్టం చూడగానే."

"మరి ఫ్రాన్సు నీళ్ళలా లేవన్నావ్!"

"ఇంకేమనమంటావ్? ఊరు ఊరంతా నా మొహంకేసి చూస్తోంది, ఆడించేవాడి ఎలుగుబంటికేసి చూసినట్టు." ఆయన చుట్టూ అందరినీ చూశాడు. "మీరందరూ అంత సంతోషంగా ఉన్నారు. నేను 'నాకు తెలిసిపోయింది' అంటే ఇంకో వారంలో మర్చిపోయేవారు. తెలీనట్టుంటే నన్ను రోజూ చూసి నవ్వుకున్నారు. పోన్లే, చలికాలాలు పెద్దవి కదా అనుకున్నా."

స్పిరీతా మొహం ఎర్రబడింది. నేనింతవరకూ ఆమె సిగ్గుపడటం చూడలేదు. అది సిగ్గు కాదు, కోపం.

"అంటే ముప్పై నాలుగేళ్ళూ మమ్మల్ని నువ్వు పిచ్చోళ్ళని చేశావా?"

"ఒకళ్ళకొకళ్ళం చేసుకున్నాం."

"సొంత మేనత్త ఆవు చీజ్ తిని ఫ్రాన్సు చీజన్నవాడివి!"

"అది మాత్రం నిజంగా తెలీలేదు," అన్నాడు క్యాఫ్రేదో.

క్వాల్యా గారు గొంతు సవరించుకున్నారు. "ఈ భావోద్వేగాలు బాగానే ఉన్నాయి. లెక్క ప్రకారం తొంభై తొమ్మిది."

"తొంభై తొమ్మిదే," అన్నాడు క్యాఫ్రేదో.

"మావా, దిగులెందుకు?" అన్నాను. "పండక్కి ఆరు రోజులుంది. తారురోడ్డున్న కనుమ ఏదన్నా చూద్దాం. పైన హోటలు, కింద హోటలు ఉన్నది. తొక్కుకుంటూ పోయి నీళ్ళు తాగొచ్చేయ్. వంద."

"లెక్కకి ఏదైనా సరిపోద్దిరా. పేజీకి సరిపోదు." నోటుబుక్కు మీద చెయ్యి వేశాడు. "తొంభై తొమ్మిది పేజీలు నిజం రాసి, ఒక్క పేజీ మీ నవ్వుల కోసం వదిలేశా. ఎప్పుడో ఓ రోజు దాటేసి సరిచేద్దామనుకున్నా. దాటితే మీకు తెలిసిపోద్దని దాటలేదు. ఇప్పుడు ఈ మోకాలు సెప్టెంబరులో పోతోంది. నేను గాజ్జానే దాటాలి."

"డాక్టరు దిగుడు వద్దన్నాడు కదా?"

"ఎక్కుడు వద్దన్లేదుగా."

"ఎక్కినవాడు దిగక పైనే కాపురముంటాడా మావా?"

"అది పైకెళ్ళాక చూద్దాం."

ఎనిమిదో తారీఖు తెల్లారగట్ల బయల్దేరాం. సాక్షిగా ఒకరు వెళ్ళాలని క్వాల్యా గారు పట్టుబట్టారు. ఆయనకి కనుమలు కాగితం మీదైతేనే వంటబడతాయి కాబట్టి నన్ను పంపారు. నేను ఖాళీ చేతుల్తో. సైకిల్ మీద నా చెయ్యి పడకూడదు కదా, నియమాలంటే నాకు ప్రాణం.

సెర్రే దాటాక బండిబాట. అంతవరకూ తొక్కాడు, ఎడమకాలితో నొక్కుతూ, కుడికాలిని పెడలు మీద అతిథిలా కూర్చోబెట్టి. పచ్చికబయలు దగ్గర బాట అయిపోయింది. సైకిల్ భుజానికెత్తాడు. అక్కణ్ణించి గులకరాళ్ళ వాలు. ఒక అడుగు ఎక్కితే అర అడుగు జారుతుంది. గుంతల్లోంచి కొండ ఉడుతలు ఈలలు వేశాయి.

"నిన్ను చూసే వేస్తున్నాయి మావా."

"నిన్ను చూసి వేస్తున్నాయి. ఖాళీ చేతుల్తో ఆయాసపడేవాణ్ణి అవెప్పుడూ చూళ్ళేదు."

అబద్ధం చెప్పను, నాకూ ఆయాసం వచ్చింది. పొగడ్తలు మోయడం సైకిల్ మోయడం కంటే కష్టం, పైగా నా పొగడ్తలు నేనే మోసుకోవాలి.

పైన వందడుగుల కింద ఆయన ఆగిపోయాడు. మోకాలు వణుకుతోంది. మొహం సున్నం కొట్టినట్టుంది. చుట్టూ చూశాను. ఆకాశం నీలంగా, నాలుగు దిక్కులా నరమానవుడు లేడు.

"మావా, ఇలా ఇయ్యి. ఈ వందడుగులు నేను మోస్తాను. ఎవరు చూడొచ్చారు?"

"అప్పుడూ ఎవరూ చూళ్ళేదు," అన్నాడు. పావుగంట కూర్చుని, లేచి, మళ్ళీ ఎత్తుకున్నాడు. నేను వెనకే నడిచాను. ఆ వందడుగుల్లో నా నోరు మూతపడి ఉంది. మా అమ్మ వింటే దీపం పెట్టేది.

పైకి చేరేసరికి పదకొండయింది. ఈసారి ఆయన సైకిల్‌ని ముందుచక్రం ఫ్రాన్సువైపు పెట్టి, పక్కనే పడుకోబెట్టి, రాయి ఒకటి గుర్తు పెట్టాడు. పచ్చి ఆకు నూరిన కారంలో ఊరేసిన నెత్తళ్ళు, రొట్టె తిన్నాం. అవతల వాలు కిందకి చూశాను. నిటారుగా పదకొండు వందల మీటర్లు. కింద మాల్వాల్ ఇళ్ళు పప్పుబద్దల్లా ఉన్నాయి.

పది అడుగులు దిగి, "అమ్మా" అని కూర్చుండిపోయాడు. ఎక్కేటప్పుడు మోకాలు మూలిగింది, దిగేటప్పుడు అరిచింది.

"ఇక్కణ్ణించి తిరిగెళ్ళిపోదాం మావా. ఇటైనా అటైనా దిగుడే కదా, కనీసం సొంతూరి వైపు దిగు."

ఆయన వినలేదు. లేచి నిలబడ్డాడు. వీపు ఫ్రాన్సుకి, మొహం ఇటలీకి తిప్పాడు. సైకిల్‌ని తనకి ఎగువన అడ్డంగా పెట్టి, రెండు బ్రేకులూ బిగించి, దాన్ని కిటికీ ఊచలా పట్టుకుని, ఎడమకాలు వెనక్కి వేశాడు. తర్వాత కుడికాలు. "అరవలేదు," అన్నాడు ఆశ్చర్యంగా. ఇంకో అడుగు. "వెనక్కి నడిస్తే అరవట్లేదురా!"

అలా దిగాడు. పదకొండు వందల మీటర్లు, ఆరు గంటలు, వెనక్కి. బ్రేకు పట్టు, అడుగు వెయ్యి, బ్రేకు వదులు, సైకిల్ దించు. నేను కింద నడుస్తూ దారి చెప్పాను: "ఎడమ... రాయి... గుంట... పేడ." పేడ రెండుసార్లు ఆలస్యంగా చెప్పాను. నేనూ మనిషినే.

సగం దిగాక ఒక ఫ్రెంచి గొర్రెలకాపరి ఎదురయ్యాడు, పక్కన ఏనుగు గున్నల్లాంటి తెల్లకుక్కలు. క్యాఫ్రేదో మొహం పైకి, సైకిల్ పైకి ఉండేసరికి ఎక్కుతున్నాడనుకున్నాడు. మా యాసలోనే పలకరించాడు.

"ఇటలీకా తాతా?"

"ఫ్రాన్సుకి," అన్నాడు క్యాఫ్రేదో, ఇటలీవైపు చూస్తూ.

కాపరి ఆయన్ని చూశాడు, నన్ను చూశాడు. "ఈయన బాగానే ఉన్నాడా?"

"మా దేశంలో ఇలాగే నడుస్తాం బాబూ," అన్నాను. "ఎక్కణ్ణించి వచ్చామో మర్చిపోకుండా."

కుక్కలు మాత్రం ఏమీ అనుకోలేదు. చేపల పెట్టె వాసన పట్టుకుని ఊరిదాకా వెంటొచ్చాయి.

మాల్వాల్ చేరేసరికి ఎండ వాలుతోంది. తొట్టి ఊరి మొదట్లోనే ఉంది. సిమెంటు తొట్టి. తుపాకీ గొట్టం లేదు, దేవదారు లేదు. నీలంరంగు ప్లాస్టిక్ పైపు. పైన రేకు బోర్డు: ఈ నీళ్ళు తాగడానికి పనికిరావు.

వీధికి అవతల బారు తెరిచే ఉంది.

"మావా, ఆ బార్లో అడిగితే సీసా నీళ్ళిస్తారు."

"తొట్టి అని ఉంది నియమం."

మూడు దోసిళ్ళు తాగాడు. నోట్లో తిప్పి మింగాడు. మూతి తుడుచుకున్నాడు.

"ఎలా ఉన్నాయి?"

"సెర్రే నీళ్ళే నయం," అని తొట్టిగట్టు మీద కూలబడి, బూటు విప్పి, మోకాలు దాకా ఆ నీళ్ళలో పెట్టేశాడు. ఒకావిడ కిటికీలోంచి కేకలేసింది. ఇద్దరం చెవిటివాళ్ళమయ్యాం. కాసేపటికి ఆయన నా వైపు తిరక్కుండానే అన్నాడు: "ఒరేయ్. దాటానని చెప్పు. ఎలా దాటానో చెప్పమాక. వెనక్కి నడిచానని తెలిస్తే సచ్చేదాకా వదలరు వాళ్ళు. మాటియ్యి."

"మాట," అన్నాను, గుండె మీద చెయ్యేసి.

గాజ్జా మీదుగా మా ఇల్లు ఒక పగటి నడక. రోడ్డు మీదుగా రెండు వందల కిలోమీటర్లు. రెండు బస్సులూ ఒక రైలూ ఒక గడ్డి లారీ మారి, మర్నాడు సాయంత్రానికి ఇల్లు చేరాం. లారీవాడు సైకిల్ ఎక్కించబోతే మావ చెయ్యి పట్టుకుని ఆపాడు. దాటడం అయిపోయింది కదా మావా అంటే, "అలవాటు," అన్నాడు.

పదో తారీఖు మాస్ ప్రార్థన అయ్యాక చర్చి ముందు అందరం చేరాం. క్వాల్యా గారు గంట పట్టుకుని నిలబడ్డారు. ఇవ్వబోతుంటే క్యాఫ్రేదో చెయ్యి అడ్డం పెట్టి నోటుబుక్కు నాకిచ్చాడు.

"ముప్పై ఒకటో పేజీ గట్టిగా చదువు. పాతది కొట్టేశాను. కొత్తదీ చదువు, కొట్టేసిందీ చదువు."

చదివాను. సెర్రే తొట్టి, తుపాకీ గొట్టం, దాని మీద అడ్డగీత. కింద ఈ ఏడాది ఆగస్టు ఎనిమిది, మాల్వాల్, సిమెంటు తొట్టి, ప్లాస్టిక్ పైపు. "నీళ్ళు బాగాలేవు." క్వాల్యా గారు గంట ఆయన చేతుల్లో పెట్టి, జన్మలో మొదటిసారి అందరి ముందూ ముక్కు చీదుకున్నారు.

చప్పట్లు కొట్టాలి కదా. కొట్టారు, పన్ను పీకించుకొచ్చినవాళ్ళు కొట్టినట్టు. జాకో ఆకాశం చూస్తున్నాడు. అడవిశాఖ బావమరిది టోపీ నలుపుతున్నాడు. పోస్టుమాస్టరు కళ్ళు తుడుచుకున్నాడు, ఆనందంతో కాదు. ముప్పై నాలుగేళ్ళు కట్టుకున్న ఇల్లు కళ్ళముందు కూలిపోతే ఎవరికైనా అలాగే ఉంటుంది.

స్పిరీతా కర్ర టకటకలాడించుకుంటూ ఆయన ముందుకొచ్చింది. చప్పట్లు కొట్టలేదు.

"నీ పేజీ శుభ్రమైంది. సంతోషమేనా?"

"సంతోషమేనక్కా."

"మరి మాకో? మంచు పడితే ఐదు నెలలు. దేన్ని చూసి నవ్వుకోవాలిరా మేం? నీ గంట చూసుకునా?"

క్యాఫ్రేదో గంట గుండెకి హత్తుకుని నేల చూశాడు. గంట గెలిచినవాడు అంత నేరస్థుడిలా నిలబడటం నేనెప్పుడూ చూడలేదు. నా జాలి గుండె ఊరుకోదు, అది మీకు తెలుసు. నేను ఆయనకి మాటిచ్చాను, ఆ మాట మీద నిలబడ్డాను కూడా. భోజనాల దగ్గర మొక్కజొన్న సంకటి గిన్నె నా దాకా వచ్చేవరకూ నిలబడ్డాను. గిన్నె వచ్చింది, స్పిరీతా నా పక్కనే కూర్చుని ఉంది, మొహం ముడుచుకుని.

"అత్తా," అన్నాను, "ఆయన మాల్వాల్‌కి మొహం ఎటు పెట్టి దిగాడో తెలుసా?"